చీటీ లేని సైకిలు

శనివారం పొద్దున్న ఎనిమిది గంటలకి కౌకో వేసుకున్న పథకం చాలా చిన్నది. నేలమాళిగలో ఉన్న సైకిలు చక్రాలు రెండూ ఊడదీసి పైకి తేవడం, వంటింట్లో వెచ్చగా కూర్చుని వేసవి టైర్లు తీసేసి మంచు మీద జారని మేకుల టైర్లు ఎక్కించడం, మధ్యాహ్నానికల్లా చక్రాలు మళ్ళీ బిగించి, సాయంత్రం ఐదింటికి బిల్డింగు ఆవిరిగదిలో తమ వంతు స్నానానికి వెళ్ళడం. ఇందులో తేడా రావడానికి ఎక్కడా సందు లేదని అతనికి గట్టి నమ్మకం. ఉత్తరాది చలిదేశంలోని ఔలు ఊళ్ళో ముప్పై ఒక్క చలికాలాలు సైకిలు తొక్కినవాడు, సర్వే ఆఫీసులో పటాలు గీస్తూ పెన్సిలుని కూడా హద్దు దాటనివ్వనివాడు, అలా నమ్మడంలో తప్పేమీ లేదు.

అయితే ఈ ఏడు ఆ టైర్ల మీద ఒక ఒప్పందం నిలబడి ఉంది. పోయిన ఫిబ్రవరిలో గ్రంథాలయం మలుపు దగ్గర కౌకో సైకిలు మీంచి జారిపడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆరు వారాలు పిండికట్టు. ఆ ఆరు వారాలూ అతని చొక్కాకి బొత్తాలు పెట్టింది, బూట్లకి తాళ్ళు కట్టింది, రొట్టెకి వెన్న రాసిచ్చింది అతని భార్య హెల్వి. కట్టు విప్పిన రోజు ఆవిడ తాపీగా తన షరతు చెప్పింది.

"అరిగిపోయిన టైర్లతో మంచు మీద ఊరేగితే ఇలాగే అవుతుంది. వచ్చే చలికాలం, రోడ్డు మీద మొదటిసారి మంచు పేరుకునే రోజుకి నీ సైకిలుకి కొత్త మేకుల టైర్లు ఉండాలి. ఉంటే తొక్కు. లేదంటే ఏప్రిల్ దాకా బస్సే. మా తమ్ముడు వెసా కూడా అదే బస్సులో వెళ్తాడుగా, నీకు తోడుంటాడు."

ఆ చివరి మాట ఆవిడ మంచికే అంది. కౌకో గుండె జారింది మాత్రం ఆ మాటకే. బస్సెక్కిన మనిషి కిటికీ పక్కన కూర్చుని, పక్క సీట్లో సంచి పెట్టుకుని, దిగేదాకా బయటికి చూడాలి. మర్యాద అంటే అది. వెసా అలా కాదు. పక్కవాడి సంచి తీసి పక్కవాడి ఒళ్ళోనే పెట్టి, అక్కడ కూర్చుని, సరస్సు ఒడ్డున తన వేసవి కుటీరానికి తనే కట్టుకున్న మరుగుదొడ్డి గురించీ, అందులో ఎరువు ఎంత బాగా తయారవుతోందో దాని గురించీ చెప్తాడు. ఎనిమిది కిలోమీటర్ల దారి, రోజుకి రెండుసార్లు, ఆరు నెలలు.

అందుకే కౌకో టైర్లు ఎంచుకోవడానికి మూడు వారాలు తీసుకున్నాడు. నూట ఆరు మేకులవా, రెండు వందల నలభై మేకులవా? మేకులు అంచుల్లో ఉంటే చాలా, నడిమధ్యన కూడా కావాలా? ముందు చక్రానికొక్కదానికే వేస్తే సరిపోతుందా? వెడల్పు టైరు మెత్తటి మంచులో తేలుతుంది గానీ గట్టి మంచుని సన్నటిదే బాగా కరుస్తుంది. సన్నటిది మళ్ళీ బండిచాళ్ళలో ఇరుక్కుంటుంది. అతను గళ్ళు గీసిన కాగితం మీద ఇవన్నీ రాసి, రంగు పెన్సిళ్ళతో గీతలు కొట్టి, భోజనాల బల్ల మీద పరిచాడు.

హెల్వి ఆ కాగితాన్ని ఎత్తి దాని కింద సూపు గిన్నె పెట్టడానికి చోటు చేసుకుంటూ అడిగింది. "నన్ను చేసుకునేముందు ఇన్ని రోజులు ఆలోచించావా?"

కౌకో నిజాయితీగా గుర్తు తెచ్చుకున్నాడు. "లేదు."

"అదీ సంగతి," అంది హెల్వి.

చివరికి రెండు చక్రాలకీ రెండు వందల నలభై మేకుల టైర్లే తీసుకున్నాడు. వాటిని మంచు పడకముందే ఉత్త రోడ్డు మీద నెమ్మదిగా కాస్త దూరం తొక్కితే మేకులు కుదురుకుంటాయని దుకాణంవాడు చెప్పాడు. సోమవారానికి మంచు పేరుకుంటుందని వాతావరణం వాళ్ళు చెప్పారు. శనివారం పొద్దున్నకి అంత ప్రాముఖ్యం అందుకే వచ్చింది.

అనుకున్నట్టే చక్రాలు ఊడదీశాడు. చక్రాలు లేని ఫ్రేముని ఎవరికీ అడ్డం రాకుండా వేడినీళ్ళ గొట్టం పక్కన మూల బోర్లించి, చెరో చేత్తో చెరో చక్రం పట్టుకుని మూడో అంతస్తుకి ఎక్కాడు. కొత్త టైర్లు పొయ్యి పక్కన పెట్టి వేడెక్కనిచ్చాడు. అయినా మేకుల టైరు మొండిది, రింగులోకి అంత తేలిగ్గా దిగదు. ముందు చక్రం పూర్తయ్యేసరికే రెండు వేళ్ళు గీరుకుపోయాయి. వెనక చక్రం సగంలో ఉండగా కింది నుంచి గంట మోగింది. అపార్టుమెంటు సంఘం అధ్యక్షుడు రైమో.

"కౌకో, కాస్త కిందికొస్తావా? శ్రమదానం నడుస్తోంది. ట్రాలీ నిండింది, తాడు కట్టాలి. నీలా ముడి వేసేవాడు ఈ బిల్డింగులో లేడు."

ఆ శ్రమదానం సంగతి కౌకోకి తెలుసు. తెలియడమేమిటి, అది అతని బుర్రలోంచి పుట్టిందే. నేలమాళిగ నిండా ఎవరివో తెలియని సైకిళ్ళు పేరుకుపోయాయని, కిందటేడు సర్వసభ్య సమావేశంలో అతనే లేచి ప్రతిపాదించాడు. ప్రతి సైకిలుకీ పేరూ ఇంటి నంబరూ రాసిన చీటీ ఉండాలి. చీటీ లేని సైకిళ్ళని మే నెలలో ఒకసారీ, అక్టోబరులో ఒకసారీ పాత సామాన్లు బాగుచేసి అమ్మే కార్ఖానాకి పంపెయ్యాలి. ఫలానా సైకిలు ఫలానావారిదై ఉంటుందని ఎవరూ ఊహించకూడదు. చీటీ ఉందా లేదా, అంతే. ఆ ఊహ గురించిన వాక్యం అతను ప్రత్యేకంగా పట్టుబట్టి రాయించాడు. జనం చేతులెత్తారు, నియమం అయింది.

కౌకో చేతులు తుడుచుకుని కిందికి వెళ్ళాడు. రైమో కారు వెనక ట్రాలీ మీద అప్పటికే టార్పాలిన్ కప్పేసి ఉంది. కౌకో తాడు అందుకుని నాలుగు మూలలా లాగి, తను గర్వపడే ముడి వేశాడు.

"ఈసారి ఐదే దొరికాయి. ఒకదానికైతే చక్రాలే లేవు. ఉత్త ఫ్రేము," అన్నాడు రైమో.

"చక్రాలు పీక్కుని మిగతాది మన నెత్తిన పడేసి పోయారన్నమాట," అన్నాడు కౌకో తాడు బిగిస్తూ. "సిగ్గుండాలి మనుషులకి."

రైమో అతని వైపు ఒక క్షణం చూశాడు. ఏదో అనబోయి, ఊహించకూడదన్న వాక్యం గుర్తొచ్చి కాబోలు, మానుకున్నాడు. కారు కదిలింది. కౌకో శ్రమదానం వాళ్ళు నిప్పుల మీద కాల్చిన సాసేజీ ఒకటి, ఆవాల ముద్దతో, నిలబడే తిని పైకి వెళ్ళాడు.

పన్నెండు దాటాక రెండు చక్రాలూ భుజాలకి తగిలించుకుని నేలమాళిగలోకి దిగాడు. వేడినీళ్ళ గొట్టం ఉంది. పక్కన మూల కూడా ఉంది. మూలలో ఏమీ లేదు. అక్కడి దీపం మూడు నిమిషాలకోసారి దానంతటదే ఆరిపోతుంది. అది రెండుసార్లు ఆరింది, కౌకో రెండుసార్లూ మళ్ళీ వేశాడు, మూల ఖాళీగానే ఉంది. అప్పుడు అతని చూపు ముందు చక్రం మీద పడింది. స్పోకుకి రాగితీగతో గట్టిగా కట్టి ఉంది చీటీ. 'కౌకో, ఇల్లు 14.' హ్యాండిలుకి కడితే ఊడిపోతుందని, ఎవరూ పీకలేని చోట కట్టుకోమని, నోటీసులో అందరికీ సలహా ఇచ్చింది కూడా అతనే.

కౌకో మెట్ల మీద కూర్చున్నాడు. రైమోకి చెప్పవచ్చు. కానీ రైమోకి చెబితే, మే నెలలో ఐలి టీచరుకి తను చెప్పిన మాట ముందుగా గుర్తొస్తుంది. ఐలి మొదటి అంతస్తులో ఉండే రిటైరైన లెక్కల టీచరు, డెబ్భై నాలుగేళ్ళావిడ. ఏప్రిల్ చివర్లో చెల్లెలికి బాగోలేదని కెమి అనే ఊరు వెళ్ళి మూడు వారాలు ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి, చీటీ లేదని, చనిపోయిన భర్త సైకిలుని సంఘం పట్టుకుపోయింది. ఆవిడ వచ్చి మెల్లిగా అడిగితే కౌకో, "నియమం అందరికీ ఒకటే, టీచర్," అన్నాడు. ఆవిడ ఇంకేమీ అడగలేదు. ఇప్పుడు తన సైకిలుకి మినహాయింపు కావాలని ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

ఇక హెల్వికి చెబితే, సైకిలు లేదు కాబట్టి టైర్లు లేవు, టైర్లు లేవు కాబట్టి బస్సు అంటుంది. ఆ తర్కంలో దోషం పట్టడం అతని వల్ల కాదు. మిగిలింది ఒకటే దారి. కార్ఖానా మూడింటిదాకా తెరిచే ఉంటుంది. ఎవరికీ తెలియకుండా వెళ్ళి తన ఫ్రేము తను తెచ్చుకోవాలి. చక్రాలు ఇంట్లో పెడితే హెల్వి అడుగుతుంది, కింద పెడితే రైమో చూస్తాడు. రెండు చక్రాలతోనే బస్టాపు వైపు నడిచాడు.

వంటింటి కిటికీలోంచి హెల్వి అది చూసింది. సైకిలు తీసుకెళ్ళకుండా చక్రాలు మాత్రం పట్టుకుని, అందులోనూ బస్టాపుకి, తల దించుకుని వెళ్తున్న మొగుణ్ణి చూడగానే ఆవిడకి అంతా అర్థమైపోయింది. టైర్లు దుకాణంలో తిరిగిచ్చెయ్యడానికి వెళ్తున్నాడు. సైకిలు మానేస్తున్నాడు. తను భయపడుతుందని, తన కోసం. ఆవిడ కళ్ళు చెమర్చాయి. వెంటనే తమ్ముడికి ఫోను చేసింది.

బస్సులో కౌకో చెరోవైపు ఒక చక్రం నిలబెట్టుకుని, మేకులు సీటుకి తగలకుండా ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. కార్ఖానా దగ్గర దిగి రెండు వందల మీటర్లు నడిచాక వెనక్కి చూస్తే, ఒకావిడ ఎర్రటి నూలుని ఉండలా చుట్టుకుంటూ తన వెనకాలే వస్తోంది. నూలు ఒక కొస ఆవిడ మెడలో మఫ్లరుకి ఉంది, రెండో కొస వెనక చక్రం మేకులకి. మఫ్లరు జానెడు మిగిలింది.

"ఇది మీదా?" అన్నాడు కౌకో.

"అవును."

"బస్సులోనే చెప్పాల్సింది."

"మిమ్మల్ని ఎందుకు ఇబ్బంది పెట్టడం అని," అంది ఆవిడ. "ఎలాగూ విప్పి మళ్ళీ అల్లుదామనుకుంటున్నాను లెండి." నూలు విడిపించుకుని, ఉండ జేబులో పెట్టుకుని, వెనక్కి తిరిగి బస్టాపుకి వెళ్ళిపోయింది. అది ఆవిడ దిగాల్సిన స్టాపు కాదని కౌకోకి అప్పుడు తట్టింది.

కార్ఖానాలో నూనె మరకల ఆప్రాన్ కట్టుకున్న మనిషి చక్రాల వైపు మెచ్చుకోలుగా చూశాడు. "రెండు వందల నలభైవి. మంచి ఎంపిక. దేనికి?"

"ముదురు నీలం ఫ్రేము. పొద్దున్న వచ్చి ఉంటుంది."

"అయ్యో, అది దింపిన అరగంటకే పోయిందండీ. తెల్ల ఊలు టోపీ పెద్దావిడ. ప్రతి శనివారం వస్తుంటుంది. చూడగానే చెయ్యి వేసి ఇంక వదల్లేదు. పాత వేసవి చక్రాలు ఒక జత వెతికి బిగించిచ్చాం. నడిపించుకుంటూ తీసుకెళ్ళింది."

ఊళ్ళో తెల్ల ఊలు టోపీలు చాలానే ఉంటాయి. ప్రతి శనివారం కార్ఖానాకి వెళ్ళి సైకిలు వెతుక్కోవాల్సిన అవసరం ఉన్న టోపీ కౌకోకి ఒక్కటే తెలుసు. రెండు చక్రాలూ ఎత్తుకుని మళ్ళీ బస్టాపుకి నడిచాడు.

ఇంటికి వచ్చేసరికి హెల్వి వాకిట్లోనే ఎదురొచ్చింది. అతని చేతుల్లో చక్రాలు చూసింది, మొహం చూసింది. "ఏమీ చెప్పకు. నేను కిటికీలోంచి చూశాను," అంది చాలా మెత్తగా.

ఆవిడకి సైకిలు పోయిన సంగతి తెలిసిపోయిందనుకున్నాడు కౌకో. "మూలన పెట్టడం నా తప్పే," అన్నాడు.

"తప్పేమిటి, మంచి పని. ఎప్పుడో ఒకప్పుడు ఒక మూలన పెట్టాల్సిందేగా. దుకాణంవాళ్ళు టైర్లు వెనక్కి తీసుకోలేదా?"

"దుకాణంవాళ్ళా?"

"పోనీలే. నా కోసం నువ్వు సైకిలు మానేస్తావని నేను కలలో కూడా అనుకోలేదు, కౌకో." హెల్వి అతని చెంప మీద అరచెయ్యి ఆనించింది. అది వాకిలి, పట్టపగలు, రైమో ఆకులు ఊడుస్తున్నాడు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఇలాంటిది జరగలేదు. కౌకో నోరు తెరిచాడు. ఆవిడ కళ్ళలోకి చూశాడు. నోరు మూసుకున్నాడు.

మిగతా పనులు వాటంతటవే జరిగిపోయాయి. హెల్వి అతని పేర బస్సు పాసు తీసుకుంది. వెసా ఫోను చేసి, "బావా, ముందునుంచి నాలుగో వరస, ఎడమవైపు. నీకు కిటికీ వదిలేస్తా," అన్నాడు. రైమో ఆకులు ఊడవడం ఆపి విన్నదాన్ని బట్టి, నేలమాళిగలో కౌకో సైకిలు తగిలించుకునే కొక్కెం ఖాళీ అయినట్టు రాసుకుని, కొక్కెం కోసం ఎదురుచూసే వరసలో అందరికంటే ముందున్నవాళ్ళకి ఇచ్చేశాడు. ఆ ముందున్నది ఐలి. సాయంత్రం ఆవిరిస్నానానికి వెళ్తూ కౌకో తొంగిచూస్తే, అతని సైకిలు అతని కొక్కేనికే వేలాడుతోంది. దాని హ్యాండిలుకి చక్కటి గుండ్రటి అక్షరాలతో చీటీ ఉంది. 'ఐలి, ఇల్లు 3.'

ఆదివారం మధ్యాహ్నం కౌకో ఆవిడ తలుపు తట్టాడు. మాటలు పదహారుసార్లు వల్లె వేసుకుని వచ్చాడు. పొరపాటు జరిగింది, ఫ్రేము నాది, దయచేసి ఇచ్చెయ్యండి. మొత్తం ఆరు మాటలే.

"రా, కౌకో. నీ గురించే అనుకుంటున్నాను," అంది ఐలి. కాఫీ పోసింది. యాలకుల బన్ను పెట్టింది. అతను మొదటి కప్పు అయ్యేదాకా ఆగుదామనుకున్నాడు. అది అయ్యేలోగా ఆవిడే మొదలుపెట్టింది.

"మే నెల నుంచి ప్రతి శనివారం ఆ కార్ఖానాకి వెళ్తున్నాను. మావారి సైకిలు ఎక్కడైనా కనబడుతుందేమోనని. కనబడలేదు. ఎవరో తొక్కుకుంటూ ఉంటారులే. నిన్న ఈ ఫ్రేము చూశాను. ఎంత బాగా చూసుకున్నారో తెలుసా? గొలుసు మీద ఒక్క తుప్పు చుక్క లేదు. అంత శ్రద్ధ ఉన్న మనిషి దీన్ని ఎలా పారేశాడో నాకు అంతుపట్టలేదు."

"మతిమరుపు మనిషై ఉంటాడు," అన్నాడు కౌకో.

"పాపం." ఆవిడ రెండో కప్పు పోసింది. "పొద్దున్నే నదిలో మునక వెయ్యకపోతే నాకు రోజు మొదలవదు. చలికాలం మంచులో కన్నం కొట్టి పెడతారుగా, అక్కడికే. నడిచి వెళ్తే గంట. ఈ మోకాలు ఒప్పుకోవట్లేదు. సైకిలు మీదైతే మోకాలికి తెలియనే తెలియదు, విచిత్రం. వారం నుంచి మునకే మానేశాను. ఇంక ఈ ఏడు కుదరదేమో అనుకున్నాను." ఆవిడ కాస్త ముందుకి వంగింది. "అది సరేగానీ టైర్ల సంగతి చెప్పు. నువ్వు మూడు వారాలు చదివావట. చలికాలానికి నేను ఏవి వేయించుకోవాలి?"

ఆ ప్రశ్న కౌకోని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. హెల్వి అడగలేదు, ఆఫీసులో ఎవరూ అడగలేదు. అతను ఉండబట్టలేకపోయాడు. అంచు మేకుల గురించీ నడిమేకుల గురించీ చెప్పాడు. గాలి కాస్త తగ్గిస్తే పట్టు ఎందుకు పెరుగుతుందో చెప్పాడు. బల్ల మీద చెంచాలు పేర్చి బండిచాళ్ళు చూపించాడు. గత పదేళ్ళలో ఆ బిల్డింగులో అతను మాట్లాడిందంతా కలిపినా అంత అవదు.

"నూట ఆరుకి రెండు వందల నలభై అంటే రెండుంపావు రెట్లు," అంది ఐలి. "పట్టు కూడా రెండుంపావు రెట్లు పెరుగుతుందా?"

"అలా పెరగదు, టీచర్. నేల మీద ఒకేసారి ఆనే మేకులు కొన్నే. కానీ మలుపులో తేడా తెలుస్తుంది. మీ మోకాలికి రెండు వందల నలభైవే మంచివి. రెండు చక్రాలకీ." అతను ఆగాడు. వల్లె వేసుకున్న మాటలు ఎక్కడో పోయాయి. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్న ఆవిణ్ణి చూస్తే, మే నెల నుంచి తను ఈవిడ చేత ఎంత దూరం నడిపించాడో లెక్క తేలింది. చెప్పలేనంత సిగ్గేసింది. "ఆ కొలతవి నా దగ్గర ఒక జత ఉన్నాయి. టైర్లు ఎక్కించినవే. బిగించి పెడతాను."

"మరి నీకో?"

"నాకు సైకిలు లేదు."

ఐలి నలభై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి. "ఎప్పటినుంచి లేదు?" అని అడిగింది.

"నిన్న పొద్దున్న పదిన్నర నుంచి."

ఆవిడ కప్పు కింద పెట్టింది. "చీటీ?"

"చక్రానికి కట్టాను."

ఐలి పెదవులు బిగించుకుంది. బిగించుకున్నవి ఆగలేదు, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "తీసుకెళ్ళు, కౌకో. నీ సైకిలు నువ్వు తీసుకెళ్ళు."

"వద్దు, టీచర్. చీటీ లేని సైకిలు అది. నియమం..." అని, అక్కడ ఆగిపోయి, బన్ను ముక్క వైపు చూస్తూ చెప్పాడు. "మీరు మేలో వచ్చి అడిగినప్పుడు, నియమం కాగితం మీద ఉంది, మీరు నా ఎదురుగా ఉన్నారు. నేను కాగితం వైపు చూశాను. అది మీవారి సైకిలు. తప్పు చేశాను."

"అవును, చేశావు," అంది ఐలి. ఆవిడకి వంకర మాటలు రావు. తర్వాత అతని కప్పులో మూడోసారి కాఫీ పోసింది. "సరే. ఏప్రిల్ దాకా నా దగ్గర ఉంచుకుంటాను, మోకాలి కోసం. ఏప్రిల్లో నీ చీటీ కట్టుకుందువుగాని. ఈసారి ఫ్రేముకి కట్టు."

ఆ సాయంత్రం కౌకో చక్రాలు బిగించాడు, బ్రేకులు సరిచేశాడు, సీటు ఆవిడ ఎత్తుకి దించాడు. ఉత్త రోడ్డు మీద నాలుగు సార్లు తనే తొక్కి మేకులు కుదురుకునేలా చేశాడు. ఆ నాలుగు సార్లూ చాలా బాగుంది. ఇంటికెళ్ళి హెల్వికి ఏమీ చెప్పలేదు. ఆవిడ అతని కోసం బస్సు పాసు పెట్టుకోవడానికి చిన్న సంచి కుడుతోంది.

సోమవారం పొద్దున్నకి ఊరంతా గాజులా అయిపోయింది. బస్సు తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. వెసా ఎడమవైపు నాలుగో వరసలో లేచి నిలబడి చెయ్యి ఊపాడు. బస్సులో ఉన్నవాళ్ళంతా కౌకో వైపు జాలిగా చూసి, మర్యాదగా కిటికీల వైపు తిరిగారు.

"బావా, మరుగుదొడ్డిలో రంపంపొట్టు ఎంత వేస్తున్నానో చెప్పానా?" అన్నాడు వెసా, కౌకో సంచి తీసి కౌకో ఒళ్ళో పెడుతూ.

"చెప్పావు."

"ఇప్పుడు చిత్తడినేల పీటు మట్టి కూడా కలుపుతున్నా. వాసన అస్సలు ఉండదు. ఒక డబ్బాలో తెచ్చాను, ఆగు, చూపిస్తా."

వంతెన ఎత్తు దగ్గర బస్సు మూడోవంతు ఎక్కి, ఆగి, మెల్లిగా వెనక్కి జారి, గట్టు కానుకుని నిలబడింది. రోడ్డు మీద ఇసక చల్లే బండి వచ్చేదాకా కదలదని డ్రైవరు చెప్పాడు. డబ్బా మూత సగం తెరుచుకుంది. కౌకో లేచాడు.

"ఆఫీసుకి ఆలస్యమవుతుంది. నడిచి వెళ్తాను," అన్నాడు.

"నేనూ వస్తా, బావా," అన్నాడు వెసా డబ్బాతో సహా.

ఇద్దరూ దిగి కమ్మీ పట్టుకుని నడుస్తుంటే వెనక నుంచి చిటచిటమని చప్పుడు వినిపించింది, మూకుట్లో ఆవాలు పేలుతున్నట్టు. తెల్ల ఊలు టోపీ, వీపున తువ్వాలు సంచి, ఎర్రబడ్డ బుగ్గలు. ఐలి గంట మోగించి, తల ఊపి, ఆగిపోయిన బస్సునీ కార్లనీ దాటుకుంటూ వంతెన ఎత్తుని నింపాదిగా ఎక్కేసింది. కౌకో ఛాతీ పొంగింది. అంచు మేకులు మలుపులో ఎలా పట్టుకుంటున్నాయో చూద్దామని కమ్మీ వదిలి, మెడ తిప్పి, ఒక్క అడుగు పక్కకి వేశాడు.

మరుక్షణం అతను ఆకాశం వైపు చూస్తూ ఉన్నాడు. వెసా మొహం, డబ్బా, రెండూ పైనుంచి వంగి చూస్తున్నాయి.

ఆసుపత్రిలో ఫొటో తీసి, ఈసారి కుడి మణికట్టు అన్నారు. ఆరు వారాలు. పిండికట్టు ఆరుతుండగా హెల్వి వచ్చింది. ఐలి వంతెన మీంచి వెనక్కి తిరిగి, నేరుగా ఇంటికి తొక్కుకుంటూ వెళ్ళి ఆవిడకి చెప్పిందట. పడటం గురించే కాదు, అంతా.

హెల్వి అతని పక్కన కూర్చుంది. "శనివారమంతా నాకు ఎంత బాధేసిందో తెలుసా? ఇంత మంచివాణ్ణి ఇన్నాళ్ళూ సాధించానే అని."

"చెప్దామనే అనుకున్నాను," అన్నాడు కౌకో.

"ఎప్పుడు?"

"ఏప్రిల్లో."

ఆవిడ నిట్టూర్చింది. అతని ఎడమచెయ్యి అందుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. "నువ్వు సైకిలు మీద వెళ్ళిన ప్రతి పొద్దునా నేను కిటికీ దగ్గర నిలబడేదాన్ని, మలుపు తిరిగేదాకా. ఇవాళే మొదటిసారి నిలబడలేదు. బస్సులో వెళ్ళాడు, ఇంక భయం లేదని హాయిగా కాఫీ తాగాను." ఆవిడ కట్టు కింద దిండు సర్దింది. "ఐలికి ఆ టైర్లు భలే ఉన్నాయట. బస్సు వెనక్కి జారిన చోట ఆవిడ కాలు కూడా కింద పెట్టలేదట."

"రెండు వందల నలభై మేకులు," అన్నాడు కౌకో.

ఇంతలో నర్సు కాగితం పట్టుకుని వచ్చింది. ఆ పొద్దున్న ఆవిడకి ఇది ఏడో మణికట్టు. తల ఎత్తకుండానే అడగడం మొదలుపెట్టింది. "సైకిలు మామూలుదా, బ్యాటరీదా?"

"సైకిలు కాదండీ. నడుస్తున్నాను," అన్నాడు కౌకో.

నర్సు తలెత్తి అతని వైపు అనుమానంగా చూసింది. "పోయిన ఫిబ్రవరిలో సైకిలు మీంచి పడ్డారని ఇక్కడ ఉంది. మీ ఇంట్లోవాళ్ళ ముందు చెప్పడానికి ఇబ్బందైతే..."

"ఇబ్బందేమీ లేదు," అంది హెల్వి. ఫిబ్రవరి నుంచి ఆ సైకిలుని తిట్టని రోజు లేని మనిషి వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది. "ఈయనకి సైకిలు లేదమ్మా. లేకపోబట్టే పడ్డాడు."

'కారణం' అని రాసి ఉన్న గడిలో నర్సు ఆ మాటే రాసుకుంది.